పిన్నిగారి ఎర్రకోళ్ళు

రంగురంగుల కోళ్ళను చూస్తే అందరికీ ముచ్చటేస్తుంది. నాకు ఒళ్ళు మండుతుంది.

సింగపూర్‌లో, యీషున్‌లోని మా బ్లాకు కింద కొన్నాళ్ళుగా కోళ్ళు తిరుగుతున్నాయి. ఎవరివో తెలియదు. తెల్లారకుండానే కూసి చంపుతున్నాయని కొందరు, పాపం ఉండనివ్వండని కొందరు, బ్లాకు వాళ్ళ ఫోన్ గ్రూపులో రోజూ వాదులాడుకుంటారు. మొన్న పొద్దున నేను ట్రైనుకు పరుగెత్తుతుంటే పక్కింటి తెలుగువాళ్ళ పిల్ల స్కూలు బ్యాగుతో అక్కడే నిలబడి చూస్తోంది. ఒక పెట్ట, దాని వెనక తెల్లవీ నల్లవీ మచ్చలవీ పిల్లలు. "ఆంటీ, ఆల్ డిఫరెంట్ కలర్స్ లా. సో ప్రెటీ" అంది ఈ ఊరి ఇంగ్లీషులో. అవునమ్మా, బాగున్నాయన్నాను. ఆ మాట అనడానికి నాకెంత కష్టమైందో ఆ పిల్లకేం తెలుసు. తంజోంగ్ పగార్‌లో దిగాల్సినదాన్ని, ఆలోచనలో పడి రెండు స్టేషన్లు దాటిపోయాను.

మేం సింగపూర్ వచ్చిన కొత్తలో యూ టీ అనే పేటలో అద్దె ఫ్లాటులో ఉండేవాళ్ళం. కంప్యూటరు పని తెలిసిన ప్రతివాడికీ ఎక్కడో ఒకచోటి నుంచి పిలుపు వస్తున్న రోజులవి. సాయంత్రం మా బ్లాకుల మధ్య నడుస్తుంటే ఒక కిటికీలోంచి ఇంగువ పోపు, ఇంకో కిటికీలోంచి ఉల్లిపాయ వేపుడు, మధ్యలో ఎవరింట్లోనో రొయ్యల ముద్ద వేయించే ఘాటు, అన్నీ కలిసి ముక్కుకు తగిలేవి. ఆదివారం ఎవరింట్లో భోజనమైనా మగవాళ్ళ కబుర్లు మాత్రం మారవు. ఎవరి కాంట్రాక్టు ఎన్నాళ్ళుంది, ఇప్పుడు ఏ కోర్సుకు గిరాకీ, ఎవరు ఏది నేర్చుకుని ఎక్కడికి ఎగిరిపోయారు. నాన్న చెవులు రిక్కించి వినేవాడు. ఒక కోర్సు సగంలో ఉండగానే ఇంకో కోర్సు పుస్తకం ఇంటికొచ్చేది. ఆ లావుపాటి పుస్తకాల దొంతర మీద కాళ్ళు పెట్టుకుని నేను టీవీ చూస్తే, సరస్వతి, కాళ్ళు తియ్యమని అమ్మ తిట్టేది. "చివరిదాకా చదివింది ఒక్కటైనా ఉంటే కదా సరస్వతి" అని మళ్ళీ తనే గొణిగేది.

పిన్నిగారు మాకు కరివేపాకు వల్ల దొరికారు. మార్కెట్లో కొన్న కరివేపాకుకు వాసన లేదని అమ్మకు పెద్ద బెంగ. మొక్కే కొనుక్కుందామని ఒక ఆదివారం ముగ్గురం బస్సెక్కాం. యూ టీ దాటి కొంత దూరం పోతే ఫ్లాట్లు ఆగిపోయి, మొక్కల నర్సరీలూ చేపలు పెంచే తోటలూ వచ్చేవి. తడిమట్టి, చేపల ఎరువు కలిసిన వాసన ఆ దారంతా ఉండేది. ఒక నర్సరీలో కుండీల మధ్య వెతుకుతుంటే వెనక షెడ్డు దగ్గర్నుంచి ఒక గొంతు వినబడింది. "నీ ఇల్లు బంగారం గానూ, మొలకలన్నీ పీకీసినావు గదే." అమ్మ చేతిలో కుండీతో అలాగే నిలబడిపోయింది.

సరోంగ్ కట్టుకుని, పైన రవికె తొడుక్కుని, కాళ్ళకు రబ్బరు బూట్లతో ఒక సన్నటి ముసలావిడ ఎర్ర కోడిపెట్టను చంకలో పెట్టుకుని దాన్ని తిడుతున్నారు. మీరు తెలుగువాళ్ళా అని అమ్మ అడిగితే, ఆవిడ ఎగాదిగా చూసి, "తెలుగు కాక ఏటి? కోడిని ఏ బాసలో తిడతారు మరి?" అన్నారు.

వరసకు నేను ఆవిడను మామ్మగారు అనాలి. అమ్మానాన్నా పిన్నిగారు అనేవాళ్ళు గనక నాకూ ఆవిడ పిన్నిగారే. ఆవిడ అత్తమామలు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు ఎస్టేటుకు కూలికి వచ్చారట. అక్కడ మామగారు మొదలుపెట్టిన ఎర్రకోళ్ళు ఆయనతో వంతెన దాటి సింగపూర్ కంపోంగ్‌కు వచ్చాయి. కంపోంగ్ అంటే రేకుల కప్పులు, కొబ్బరిచెట్లు, గుమ్మాల ముందు కోళ్ళు ఉండే పల్లె. దాన్ని పడగొట్టి అందరికీ ఫ్లాట్లు ఇచ్చినప్పుడు ఈవిడకూ కూతురికీ కలిపి యీషున్‌లో ఇచ్చారు. ఫ్లాటులో కోళ్ళు పెంచకూడదు. అప్పటికి మామగారూ లేరు, భర్తా లేడు. ఈవిడ కోళ్ళను గంపలో పెట్టుకుని తను మొక్కలకు నీళ్ళు పట్టే ఈ నర్సరీకి వచ్చారు. యజమాని చైనావాడు. వెనక పాత షెడ్డులో పట్టినన్ని పెంచుకో, షెడ్డు దాటి ఒక్కటి బయట కనబడినా ఊరుకోనన్నాడు. ఆ షెడ్డు మా ఫ్లాటులో హాలంత కూడా ఉండదు.

అందులో ఉన్నవన్నీ ఎర్రవే. ఆ ఎరుపు మామూలు ఎరుపు కాదు. పండిన చింతపండు మీద ఎండ పడితే ఎలా ఉంటుందో ఆ రంగు. కాళ్ళు పసుపు, తోక నలుపు. పిన్నిగారు పొద్దున్నే పీటేసుకుని కూర్చుని ఒక్కోదాన్నీ ఒళ్ళోకి తీసుకుని, రెక్క విప్పి, మెడ ఈకలు ఎదురు నిమిరి, అడుగు రంగు చూసేవారు. నచ్చినవి ఉండేవి. ఏదైనా పిల్ల పెద్దయ్యేకొద్దీ మచ్చలు తేలితే, మెడ మీద తెల్ల ఈక కనబడితే, అది ఎంత చురుకైనదైనా, ఎన్ని గుడ్లు పెట్టేదైనా ఆదివారం కూరైపోయేది. షెడ్డు వెనక మూడు రాళ్ళ పొయ్యి మీద ఆవిడ కొబ్బరిపాలూ ఎండుమిర్చీ వేసి వండేవారు. అమ్మ చింతపండు పులిహోర తెచ్చేది. నాన్నేమో దారిలో హాకర్ దగ్గర ప్లాస్టిక్ కవర్లలో కాఫీ కట్టించుకుని వచ్చేవాడు. అరిటాకు మీద ఆ కూర తిన్న రుచి ఇప్పటికీ నా నాలుక మీదుంది. తింటున్నది రంగు తప్పిన కోడి అని నాకు అప్పుడు పట్టలేదు.

ఒకసారి నేనూ మాతో వచ్చిన మా బ్లాకు పిల్లా కలిసి అమ్మ డబ్బాలోని పసుపు నీళ్ళలో కలిపి ఒక ఎర్ర కోడిపిల్లకు పట్టించాం. బంగారు కోడి చేద్దామని. పిన్నిగారు దాన్ని చూసి మొహం మాడ్చుకుని, కూరకు తీసినవాటిని పెట్టే గంప వైపు నడిచారు. మేమిద్దరం వెనకాలే పరుగెత్తాం. సగం దూరం పోయి ఆవిడ ఆగి, పిల్లను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. వెనక్కి తిరిగి, "గుంటల్లారా, ఇది కూరకు ముందే పసుపు రాసుకుని ఒచ్చీసిందేటి?" అన్నారు. ఆ రోజు ఆ పిల్లను మాచేతే కడిగించారు. అది తుమ్మినప్పుడల్లా మా చెవులు మెలిపెట్టారు.

నాన్నకు ఆ షెడ్డు చూసిన మొదటి రోజు నుంచీ మనసు అక్కడే. మా నాన్నది గోదావరి పక్క ఊరు. అక్కడ కోడిని ఉత్తి కోడి అనరు, రంగును బట్టి పేరుంటుంది. ఎర్రది డేగ, నల్లది కాకి, తెల్లది సేతువ, మెడ మీద నలుపూ తెలుపూ కలిస్తే పర్ల, ఎరుపులో బూడిద కలిస్తే మైల. నెమలి, కౌజు, పింగళ, ఇంకా ఏవేవో. మా తాతయ్య బడిపంతులు. పందేల గొడవ ఇంటి ఛాయలకు రానివ్వలేదు. దాంతో నాన్నకు ఆ పేర్లన్నీ నోటికి వచ్చు, ఒక్క కోడినీ పెంచి ఎరగడు.

"పిన్నిగారూ, ఇవి డేగలండి. వీటి పక్కన ఓ సేతువ, ఓ కాకి ఉంటే ఎంత బాగుంటదో తెలుసాండి?" అని మొదలుపెట్టాడు.

"డేగో గీగో నాకు తెల్దు బాబూ. ఎర్రవి. అంతే."

"రంగుకో జత చాలండి. అన్ని రంగులూ ఒక్కచోట చూడొచ్చు."

పిన్నిగారు ఒళ్ళో పెట్టను దింపి, షెడ్డు చూపించారు. "ఇందులో ఎన్ని పడతాయి? అన్నీ ఎర్రవే అనుకో, మంచివి ఏరుకోవచ్చు, సెడ్డవి తీసీవచ్చు. నాలుగు రంగులు పెట్టీసినావనుకో, ఒక్కోదానికి మూలకు రెండు కోళ్ళు. అందులో ఏటి ఏరుతావు? ఒక పుంజు సచ్చిపోతే ఆ రంగు అక్కడితో సరి. నాకూ ఆశ లేదేటి? కంపోంగ్‌లో ఉన్నప్పుడు పక్కింటి మలాయ్ ఆవిడ దగ్గర బూడిదరంగు పెట్టలు సూసి నిద్ర పట్టీది కాదు. మా మావ ఒగ్గలేదు. తక్ బొలే అన్నాడు. కుదరదంటే కుదరదు."

నాన్న నవ్వి ఊరుకున్నాడు. కానీ బస్సులో వస్తూ దారంతా అమ్మకు రంగుల పేర్లు చెప్పుకొచ్చాడు. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

నిజానికి నాన్న చాలాకాలం ఆ ఆశను అణుచుకున్నాడు. పక్కన రంగుచేపలు పెంచే చైనీస్ అంకుల్ దగ్గర రకరకాల కోళ్ళు తిరిగేవి. ఆయన వీలైనప్పుడల్లా, "టేక్ లా, టేక్. ఐ ఆల్సో డోన్ట్ నో హౌ మెనీ" అని నాన్న చేతిలో పెట్టబోయేవాడు. నాన్న ఆ పిల్లల్ని అరచేతిలో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ ఆయనకే ఇచ్చేసేవాడు.

ఆ తర్వాత పిన్నిగారి మోకాళ్ళు పనిచేయడం మానేశాయి. ఆపరేషన్ తప్పదన్నారు. తర్వాత కొన్ని నెలలు ఇల్లు కదలకూడదు. యీషున్‌లో కూతురి దగ్గర ఉంటారు, ఆ కూతురికి కోళ్ళ వాసనే పడదు. వెళ్ళేముందు ఆవిడ నాన్నను షెడ్డు దగ్గరికి పిలిచి, పెద్ద పుంజును చేతిలో పెట్టారు.

"నీ సేతిలో ఎడుతున్నాను. మా మావ కాడ్నించి ఇవే. నీను ఒచ్చీదాకా ఒక్క రంగు. ఇంకోటి ఈ తలుపు దాటి రాకూడదు."

"సరేనండి పిన్నిగారూ. ఒక్క రంగే" అన్నాడు నాన్న. మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, నాకు తెలుసు.

అప్పుడే గాలి తిరిగింది. అప్పటిదాకా పరుగులు పెట్టిన కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి చతికిలబడ్డాయి. ఆదివారం భోజనాల్లో మగవాళ్ళు నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టారు. కొన్ని కుటుంబాలు చెప్పకుండానే ఊరెళ్ళిపోయాయి, వాళ్ళ సోఫాలు లిఫ్టు పక్కన మిగిలాయి. నాన్న కాంట్రాక్టు కూడా పొడిగించలేదు. ఆ కబురు తెలిసిన సాయంత్రం ఆయన ఇంటికి రాకుండా తిన్నగా నర్సరీకి వెళ్ళాడు. మర్నాడు మేం వెళ్ళేసరికి షెడ్డులో ఒక మూల వల కట్టి ఉంది. లోపల తెల్ల పుంజు, తెల్ల పెట్ట.

"పిన్నిగారికి మాటిచ్చారు కదండీ" అంది అమ్మ.

"వలేశాను కదే. కలవవు. ఒక్క జతేగా."

ఆ తర్వాత ఇంటర్వ్యూలు. నాన్న తెల్లచొక్కా వేసుకుని పొద్దున్నే వెళ్ళేవాడు. కోర్సులన్నీ సగం సగం తెలిసినవాడికి ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. ఒక ఇంటర్వ్యూ పోయిన రోజు నల్లవి వచ్చాయి. ఇంకోటి పోయిన రోజు పర్లలు. చైనీస్ అంకుల్‌కు సంతోషం, నాన్నకు ఆ కాసేపు సంతోషం. వల కడుతూ, పిల్లల్ని నాకు చూపించి పేర్లు చెబుతుంటే ఆయన మొహంలో వెలుగు వచ్చేది. ఇంట్లో ఆ వెలుగు కనబడేది కాదు. అందుకే అమ్మ గట్టిగా అడగలేకపోయింది. నేను అడిగే వయసులో లేను.

షెడ్డు మాత్రం పెరగలేదు. ఒక ఆదివారం అమ్మ కూర కోసం ఈకలు పీకుతూ ఆగిపోయింది.

"ఇది ఎర్రది కదండీ. మచ్చ కూడా లేదు. దీన్నెందుకు కోశారు?"

"జాగా లేదే. మైలకు చోటు చెయ్యాలి. ఎర్రవి ఇంకా ఉన్నాయిలే."

అలా ఒక్కొక్కటే ఎర్రవి తగ్గుతూ పోయాయి. చివరికి పెద్ద పుంజు, ఒక్క పెట్ట మిగిలాయి. ఆ ఏడు వానలు తెరిపి ఇవ్వలేదు. షెడ్డు నేలంతా బురద, వలల మూలల్లో కోళ్ళు ముడుచుకుని నిలబడేవి. చెక్కల మీద బూజు, తడి ఈకల కంపు. పెద్ద పుంజు గొంతులో గురక మొదలైంది. నాన్న దానికి వెల్లుల్లి నూరి మింగించాడు, వాము పొగ పెట్టాడు. తన చొక్కా విప్పి కప్పాడు. రెండో ఆదివారం మేం వెళ్ళేసరికి అది పక్కకు ఒరిగిపోయి ఉంది. నాన్న దాని పక్కన బురదలో కూర్చుని లేవలేదు. అమ్మ మొదటిసారి ఆయన తల మీద చెయ్యి వేసింది.

ఒక ఆశ మిగిలింది. మిగిలిన ఎర్ర పెట్ట గుడ్ల మీద కూర్చుంది. అవి పుంజు ఉండగా పెట్టినవే అంటాడు నాన్న. వల కింద సందులున్నాయి కదా, తెల్ల పుంజు దూరలేదని నమ్మకమేమిటి అంటుంది అమ్మ. ఒక్క ఎర్ర పుంజుపిల్ల వస్తే చాలు, వంశం నిలుస్తుంది. మా ముగ్గురికీ అదే ధ్యాస అయింది. నేను స్కూల్లో లెక్కలు చేస్తూ దాని గురించే ఆలోచించేదాన్ని. అమ్మ దేవుడి గదిలో ఇంకేం కోరేదో తెలియదు గానీ, నేను మాత్రం నాన్న ఉద్యోగం గురించి అడగలేదు. ఎర్రపిల్ల గురించే అడిగాను.

గుడ్లు పగిలి పిల్లలొచ్చిన మర్నాడే పిన్నిగారు వచ్చారు. కూతురు వద్దంటున్నా కర్ర పట్టుకుని బస్సెక్కి వచ్చేశారు. షెడ్డు గుమ్మంలో నిలబడి వలలన్నీ ఒకసారి చూశారు. పీట వేయమని నాకు సైగ చేసి, కూర్చుని, పెట్ట కింద నుంచి పిల్లల్ని ఒక్కోదాన్నే తీసి అరచేతిలో పెట్టుకుని చూడసాగారు. పుట్టిన పిల్లను చూసి ఆవిడ ఏ రంగవుతుందో చెప్పగలరు. పచ్చగా ఉన్నది తీశారు, దింపేశారు. నల్లది తీశారు, దింపేశారు. నెత్తి మీద తెల్లమచ్చ ఉన్నది దింపేశారు.

నాన్న ఆగలేకపోయాడు. "అది పర్ల అవుద్దండి. ఇది చూడండి, ఇది మైల తిరుగుద్ది. ఆ నల్లది..." అంటూ పోయాడు. ఆయన మొహంలో భయమూ ఉంది, ఆ రంగుల సంబరమూ ఉంది. అది చూడలేక నేను తల తిప్పుకున్నాను.

చివరి పిల్లను కూడా దింపి, పిన్నిగారు పెట్ట కింద చెయ్యి పెట్టి తడిమారు. ఖాళీ పెంకులు తగిలాయి.

"పేర్లు బాగున్నాయి బాబూ" అన్నారు. "ఎర్రది ఏదీ?"

నాన్న పెట్ట వైపు చెయ్యి చూపించాడు. "మళ్ళీ తయారు చేసుకుందామండి. ఈ పెట్ట ఉంది కదండి. మంచి పుంజును పట్టుకొస్తాను" అన్నాడు.

"ఎక్కణ్ణించి తెస్తావు? ఆ ఎస్టేట్ లేదు. కంపోంగ్ లేదు. ఎవుల దగ్గరున్నాయి?" ఆవిడ గొంతులో కోపం లేదు. బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు అడిగారు. "సుదా లా. అయిపోనాది."

నాన్నకు తర్వాత ఒక చిన్న ఉద్యోగం దొరికింది. ఫోన్లో వచ్చే ఫిర్యాదులు విని జవాబు చెప్పే పని. రిటైరయ్యేదాకా అందులోనే ఉన్నాడు. కొత్తది ఏదీ నేర్చుకోలేదు, ఎవరేం చెప్పినా తల అడ్డంగా ఊపేవాడు. అమ్మకు అదే ఎక్కువ బాధ. "ఆ పిచ్చి ఉన్నప్పుడే మనిషిలా ఉండేవారు" అని నాతో ఒకసారి అంది. నర్సరీ స్థలం లీజు అయిపోయి రోడ్డులో కలిసింది. పిన్నిగారు యీషున్‌లోనే, కూతురి ఫ్లాటులో పోయారు. చూడటానికి వెళితే నన్ను గుర్తుపట్టలేదు.

ఎర్రది ఏదీ అని అడిగిన ఆ రోజే పిన్నిగారు తిట్టి, మమ్మల్ని తరిమేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఆవిడ అలా చెయ్యలేదు. కర్ర ఊతంతో ఎప్పటిలాగే నర్సరీకి వస్తూ ఉన్నారు. పిల్లలు పెద్దవయ్యాయి. అబద్ధమెందుకు, చూడ్డానికి చాలా బాగుండేవి. మొక్కల కోసం వచ్చినవాళ్ళు వాటికి ఫోటోలు తీసుకునేవారు. నాన్న వాటి దగ్గరికి పోయేవాడు కాదు. ఎర్రపెట్ట ఒక ఎండాకాలం చచ్చిపోయింది. దాన్ని కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టాం.

ఆ వారమో, తర్వాతి వారమో అమ్మ మూడు రాళ్ళ పొయ్యి వెలిగించి, ఎప్పటి అలవాటుగా అడిగింది. "పిన్నిగారూ, ఈ మచ్చలది తియ్యనా? లేక ఆ మెడ తెల్లదా?"

పిన్నిగారు కుండీల మధ్య నిలబడి ఉన్నారు. వెనక్కి తిరగలేదు. "ఒగ్గీ అమ్మాయ్. ఏది తీస్తేనేటి. దేనికోసం ఏరడం ఇంక?"

అమ్మ పొయ్యి ఆర్పేసింది. పిన్నిగారు నూకల గిన్నె నా చేతికిచ్చి, అన్నింటికీ వేసెయ్యమన్నారు. వేశాను. తెల్లవీ నల్లవీ మచ్చలవీ అన్నీ ఎగబడి తిన్నాయి. ఒక్కో ఈకా విప్పి చూసే మనిషి, ఒక్కసారి కూడా అటు చూడకుండా మొక్కలకు నీళ్ళు పట్టడానికి వెళ్ళిపోయారు.